మిగతా సగం

డబ్లిన్ నుంచి హోలీహెడ్‌ వెళ్ళే రాత్రి ఓడలో
ఇరవై ఆరేళ్ళు టీ పోశాను.
నా పేరు నోరీన్. చొక్కా మీద రాసే ఉండేది,
అయినా "ఇదిగో, ఇంకాస్త పాలు" అన్నవాళ్ళే ఎక్కువ.

వాళ్ళని గుర్తుపట్టడం కష్టమేం కాదు.
చిన్న సంచీ. ఎవరిదో అరువు కోటు.
లండన్ రైలు ఎన్నింటికని రెండుసార్లు అడుగుతారు,
చిల్లర లెక్కపెట్టుకుని బిస్కెట్ వెనక్కి పెట్టేస్తారు.
తిరుగు ఓడలో అదే పిల్ల
కప్పుని రెండు చేతులా పట్టుకుంటుంది, తాగదు.

నేనేమీ అడగలేదు.
కౌంటర్ కింద రబ్బరు సంచీలో వేడినీళ్ళు నింపి ఉంచేదాన్ని,
"నడుం నొప్పికి" అనేదాన్ని,
నడుం ఎవరిదో చెప్పకుండా.

చర్చి మెట్ల మీద కరపత్రాలు పంచే అసంప్టా
నా చిన్ననాటి నేస్తం. చెడ్డది కాదు.
పదిరోజులు బతకడన్న కొడుక్కి
ముప్పై ఏళ్ళుగా బూట్ల తాళ్ళు కడుతోంది.
"అడుగు వేసినవాళ్ళే బాధ్యత మొయ్యాలి కదే" అంటుంది.
ఆ మాట ఆమె నోట తూగుతుంది. మోసింది మరి.

నాకు తెలిసింది లెక్క ఒకటే:
ఇన్నేళ్ళలో ఆ పిల్లల పక్కన నిలబడి
రెండు టీలు అడిగినవాళ్ళు ముగ్గురు.
ఒకరు తల్లి. ఒకరు బళ్ళో టీచరమ్మ.
మూడోవాడు కుర్రాడు, రేవు దాటకముందే వాంతి చేసుకున్నాడు పాపం.
మిగతావాళ్ళ బాధ్యత ఏ రేవులో దిగిపోయిందే, అసంప్టా?

ఒక పిల్ల, చెవి కింద గోటి గీత,
కిటికీకేసి చూస్తూ తనంతట తనే అంది:
"నేను వద్దనలేదట.
అందుకని సరే అన్నట్టేనట."
మౌనం సగం ఒప్పుకోలంటారు పెద్దలు.
సగమే కదా.
మిగతా సగం ఎవరు నింపుకున్నారు?

నాకు ఐదుగురు.
ఐదుగురూ ప్రాణమే.
ఒక్కరి గురించీ నన్నెవరూ అడగలేదు.
ఈ రెండు ముక్కలూ ఒకే నోటితో చెప్పడానికి
నాకు అరవై ఏళ్ళు పట్టింది.

ఓటు రోజున అసంప్టా కారులోనే వెళ్ళాం,
నాకు డ్రైవింగ్ రాదు.
బడి గదిలో దారం కట్టిన పెన్సిల్
అందరి చేతి చెమటతో జారుతోంది.
తను ఎక్కడ గీత పెట్టిందో నాకు తెలుసు,
నేనెక్కడ పెట్టానో తనకీ తెలుసు.

తిరుగుదారిలో ఇద్దరం పెదవి విప్పలేదు.
వెనక సీట్లోంచి ఫింటన్
"ఎవరు గెలుస్తారు?" అన్నాడు, కాలు చాపి.
తాళ్ళు ఊడి వేలాడుతున్నాయి.
అసంప్టా కారు పక్కకి ఆపింది.
ఆమె చేతులు స్టీరింగ్ వదల్లేదు.
నేనే దిగి, వెనక తలుపు తీసి,
వంగి కట్టాను.