షార్టు

మా ఆయన గుర్తు ఈల.
కుట్టుమిషన్ అడిగిండట, గ్యాస్‌పొయ్యి అడిగిండట,
చీటీ తీస్తె ఈల వచ్చింది.
ముప్పై నాలుగేండ్లు నోట్ల పెట్టుకున్నదే మళ్ల దొరికిందని
నవ్వుకుంట ఇంటికొచ్చిండు.

గుండేటి వీరేశం, రిటైర్డ్ కండక్టర్, ముషీరాబాద్ డిపో.
రెండో మిషన్ల ఏడో బటన్.
డిపాజిట్ పదివేలు నా చిట్టి పైసలు.

ఎందుకు నిలవడ్డడంటె,
తెల్లారగట్ల నాలుగున్నర బస్సు తీసేసిన్రు.
గుడిమల్కాపూర్ పూలకు పోయే ఆడోళ్లు
చీకట్ల ఆటో ఎక్కుతున్నరు,
మూర మీద మిగిలేది ఆటోకే పోతున్నది.
డిపోకు రాసిండు, ఎమ్మెల్యే ఇంటి ముంగట కూసున్నడు,
ఆఖరికి నామినేషనేసిండు.
"బస్సడిగితె ఎవడూ ఇనలే,
ఓటడిగితె ఇంటరేమో" అన్నడు.

మైకు లేదు, బిర్యానీ లేదు.
ఈల ఊదుకుంట రాంనగర్ గల్లీలల్ల తిరుగుతుంటె
పోరగాండ్లు ఎనుకవడి "రైట్ రైట్" అని ఒర్రిన్రు.
ఓటేస్తమన్నోళ్ల పేర్లు డైరీల రాసుకున్నడు,
స్టేజీలవారీగ.

కౌంటింగ్ దినం
టీవీల ఆయన పేరు రాలే.
"ఇతరులు" అని కింద సన్నపు గీత,
గా గీతల యాడ్నో ఉన్నడు.

పొద్దుగూకినంక వచ్చిండు.
మూడువందల పదకొండు ఓట్లు.
నోటాకు పన్నెండు వందలు దాటినయట.
"నీ పదివేలు పాయె" అన్నడు నా మొకం చూడకుంట.
చెప్పులు ఇడువలే. డైరీ తీసిండు.
డ్యూటీ దిగినంక పైసలు, టికెట్లు సరిచూసుకుంటుండె గదా,
గట్లనే, ఏలు తడి చేసుకుంట.

తక్కిన బూతుల సంగతి ఏమనలే.
మా బూతుల పదిహేడు రావాలె,
పదహారే వచ్చినయి.
"ఒకటి షార్టు."

సలీమా బేగం ఇంటివి ఐదు.
గోడ మీదికెల్లి తొంగిచూసి ఆమెనే అన్నది,
"పాంచో సీటీకిచ్ దియే భాభీ."
ఇస్త్రీ బండి పోచమల్లు, ఆయన పెండ్లాం, ఏడు.
పూలోళ్లు ఎనమండుగురు, పదిహేను.
తనొక్కడు, పదహారు.

నేను పొయ్యికాడికి పోయిన.
చాయ మసులుతున్నది, చక్కెర ఎంతేసిన్నో తెల్వదు.

గా దినం అట్ట చాటుకు పోయి నిలవడ్డ.
ఈల బొమ్మ కనవడ్డది. బటన్ మీద ఏలు పెట్టిన గూడ.
అప్పుడే చెవుల్ల అలారం మోగింది,
ముప్పై నాలుగేండ్ల మూడింటి అలారం.
సద్ది గిన్నె, ఖాకీ అంగి, గొళ్లెం చప్పుడు,
సల్లవడ్డ సగం మంచం.
రిటైరై రెండేండ్లు. ఇప్పుడిప్పుడే
కండ్లు తెరిస్తె పక్కల మనిషి ఉంటున్నడు.
గెలిచేటోడు కాదని నాకు తెల్వదా?
తెలుసు.
తెలిసి గూడ ఏలు పక్కకు జరిగింది.
అద్దం ఎనుక చీటి,
బస్సు టికెట్ అంతనే ఉన్నది,
ఏడు లెక్కవెట్టేలోపల తెగి లోపల పడ్డది.

పూలోళ్ల మొకాలు బయటికొచ్చినంక యాదికొచ్చినయి.
అప్పుడొస్తె ఏం ఫాయిద.

రాత్రి గెలిచినోళ్ల ఊరేగింపు.
డీజే దెబ్బకు గూట్ల గిలాసలు వణికినయి.
మెయిన్ రోడ్డు మీద సిటీ బస్సొకటి
పటాకుల పొగల గంటసేపు నిలవడ్డది.
ఆయన కిటికీల నిలవడి దాన్నే చూసిండు,
గెలిచినోన్ని చూడలే.

నేను పండుకున్ననని అనుకున్నడు.
డైరీ తీసి పదహారు కొట్టేసి
పదిహేడు రాసిండు.
టికెట్ తీయని ముసలవ్వ దొరికితె
దింపకుంట తన జేబుల పైసలే వేసేటోడు,
మందిల ఒక్క మాట అనకపోయేది.

నాలుగున్నరకు గల్లీ మలుపుకాడ
ఆటో ఆగిన చప్పుడైంది.
ఆడోళ్లు బేరమాడుతున్నరు.
అటు మల్లి ఆయన, ఇటు మల్లి నేను,
ఇద్దరం మెలకతోనే ఉన్నం.