మాట్లాడినవాళ్ళు

పర్లాకిమిడి పాత కాయితాల కొట్లో
కిలో పద్దెనిమిది చొప్పున తూకంలో పడిన పుస్తకం.
అట్ట లేదు, మొదటి ఆరు పేజీలు లేవు.
రాసిందెవరో, ఆ ఊరి పేరేమిటో తెలీదు.
ఏడో పేజీలో సాయంత్రం గంట మోగుతోంది,
నేనప్పటికే ఆ ఊళ్ళో ఉన్నాను.

ఆ ఊళ్ళో ప్రతి ఇంటి గోడకీ ఒక ఇత్తడి చెవి.
పొద్దుగూకగానే దాని దగ్గర నిలబడి
ఆ రోజు చూసిందంతా చెప్పాలి.
చెప్పింది మర్నాటికి ఉండదు.
గన్నేరు చెట్టని చెబితే గన్నేరు చెట్టు,
పక్కింటి ముసలాయన దగ్గని చెబితే ఆ దగ్గు.
చెరిపేసిన గుర్తయినా ఉండదు,
అక్కడ ముందునుంచీ ఏమీ లేనట్టే ఉంటుంది.

వసారాలో నాన్న కొమ్ము అరగదీస్తున్నాడు.
దున్నపోతు కొమ్ములోంచి కొంగ మెడ బయటికొస్తోంది,
కాలిన వెంట్రుకల వాసన పేజీల మధ్యకి.
పుస్తకంలో ఒకామె కొడుకు నవ్వు సంగతి
గోడకి చెప్పకుండా పదకొండేళ్ళు దాచుకుంది.
"ఏటే, కూడు తినవేటి?" అంది అమ్మ.
తిన్నాను. చారు బాగుంది.
బాగుందని మాత్రం ఆ పూట అనలేదు.

చదివిన పుస్తకం మీద రెండు పేజీలు, ఒడియాలో,
రాసి తెమ్మన్నారు పాణిగ్రాహి సార్.
భయమేసిందా, కోపమొచ్చిందా,
ఆ ఊళ్ళో నువ్వే ఉంటే ఏం చేస్తావు?
తిరగబడతామని అందరూ రాస్తారు.
నేనూ మొదలుపెట్టాను.
గోడ దూకాను, గంట తాడు కోశాను,
మూడో వాక్యం దగ్గర పెన్ను ఆగింది.

ఇంట్లో వనజాక్షిని, బడిలో హాజరు పిలిస్తే బొనొజాఖ్యిని.
మహేంద్రతనయ దాటి పాతపట్నం వెళ్తే మళ్ళీ వనజాక్షిని.
రెండింటికీ పలుకుతాను, రెండూ నావే.
పుస్తకంలో వాళ్ళకి ఒక్క పేరుకే దిక్కు లేదు,
పాపం అనుకున్నాను,
నూట నలభయ్యో పేజీ దాకా.

అక్కడ, చింతపండూ బూడిదా పట్టుకుని
ఇత్తడి చెవులు తోమే పిల్ల వచ్చింది.
చెడ్డది కాదు. జడలు కూడా నాలాగే రెండు.
పని శుభ్రమని అందరూ మెచ్చుకుంటారు.

ఏడో తరగతిలో నేను మానిటర్ని.
సార్ లేనప్పుడు బోర్డుకి ఎడంపక్క నిలువుగీత గీసి
మాట్లాడినవాళ్ళ పేర్లు రాయాలి.
కొండ మీంచి హాస్టలుకి దిగొచ్చిన ఎలియా రైకా
లెక్కలు చేస్తూ సవరలో గొణుక్కునేవాడు.
వాడి ఎక్కం నాకు ఒక్క ముక్క తెలిసేది కాదు,
జవాబు మాత్రం సరిపోయేది.
అది మాట్లాడటమేనా అని
చాక్‌పీసు ఒక్క క్షణం ఆగింది.
రాశాను.
మర్నాడు పేరు పక్కన ఇంటూ.
వారానికి మూడు ఇంటూలు.
దసరా సెలవులకి కొండెక్కినవాడు
మళ్ళీ దిగలేదు.

జ్వరమన్నారు. జీడితోటలో కూలికి కుదిరాడన్నారు.
నా పేరు ఎవరూ ఎత్తలేదు, ఎందుకెత్తుతారు.
ఆ బెంచీ మీద ఇద్దరు కాస్త సర్దుకుని కూర్చున్నారు,
అక్కడ ముందునుంచీ ఇద్దరే ఉన్నట్టు.

సార్,
భయమేసింది. గోడని చూసి కాదు.
ఏం చేస్తావని అడిగారు,
చేసేశాను సార్, ఏడో తరగతిలో.
ఏడెనిమిదులు యాభయ్యారుని సవరలో ఏమంటారో
రెండు బెంచీల అవతలే వినపడేది.
వినలేదు, రాసుకున్నాను.

పుస్తకం చివర ఏమైందో చెప్పలేను.
తోమే పిల్ల ఒక పొద్దున
చింతపండు ముద్దంతా ఇత్తడి చెవిలో కుక్కేసి
వీధి కొసదాకా నడిచింది.
తర్వాతి పేజీల్లో ఎవరో
వేయించిన బఠానీలు పొట్లం కట్టించుకుపోయారు.

ఇదంతా నోటుబుక్కు వెనక పేజీల్లో తెలుగులో ఉంది.
సార్‌కి ఇచ్చింది ముందు రెండు పేజీలు,
గోడ దూకినవి, తాడు కోసినవి.
పదికి ఎనిమిది.
కింద ఎర్ర సిరాతో:
అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి.