క్లెయిమ్ ఏడు

ఫైలు చెన్నై ఆఫీసుది. గడువు సోమవారం.
శనివారం మధ్యాహ్నం కరెంటు పోతే
విజయనగరం గంటస్తంభం వెనక సందులో
అసిర్నాయుడు జిరాక్సు కొట్లో
ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను.
కొత్త ప్రింటరు నిన్ననే కొన్నాడట,
అట్టపెట్టె ఇంకా గుమ్మంలోనే ఉంది.
హాల్‌టిక్కెట్ల కోసం ఇద్దరు కుర్రాళ్లు
చేతిలో పెన్‌డ్రైవు తిప్పుకుంటూ.

పద్దెనిమిది నెలలు నిండి
లోకంలోకి బయటపడ్డ దరఖాస్తు అది.
క్లెయిమ్ ఒకటి:
*నెట్‌వర్కులోకి కొత్తగా వచ్చిన ముద్రణ యంత్రము
తన పేరు, తన నెంబరు, తనకు వచ్చిన పని,
అనగా రంగులా, నలుపా, రెండు వైపులా కొట్టగలదా,
సర్వరుకు తెలుపుకొనును;
సర్వరు జాబితా వెదకును;
లేనిచో చేర్చుకొనును;
ఉన్నచో నీవెవరని అడుగును;*
ఇలా పేజీన్నర, ఒక్కటే వాక్యం.
పేటెంటు భాషలో చుక్క పెట్టడం
చాలా ఖరీదైన పని.

నాది చిన్న ఉద్యోగం.
ఇది ఇంతకు ముందు ఎక్కడైనా ఉందా అని
పదకొండేళ్లుగా అనుమానపడుతున్నాను,
దానికి జీతమిస్తున్నారు.

"ఏటమ్మా అంత సదువుతున్నావు?"
చెప్పాను, వీలైనంత తెలుగులో.
అసిర్నాయుడు నవ్వేడు.
"ఓస్, ఇదేనేటి!
జూట్‌మిల్లు గేటు కాడ పన్నెండేళ్లు
నాను సేసిన పనిదే కదా.
కొత్తోడొస్తాడు. పేరేటి, అయ్య పేరేటి, ఏవూరు,
స్పిన్నింగొచ్చా, మగ్గం మీద సెయ్యి తిరుగుతాదా.
పుస్తకం సూస్తాను. నేకపోతే రాస్తాను.
ఉంటే, ఒరే, ఈ పేరుతో లోపలొకడున్నాడు,
మరి నువ్వెవుడివిరా అంతాను."

పెన్సిలు తీసి మార్జిన్లో టిక్కులు పెట్టుకున్నాను.
పేరు, సరిపోయింది.
పనితనం, సరిపోయింది.
జాబితా, వెదకుట, చేర్చుట.
క్యోటోలో ఏడుగురు ఇంజినీర్లు సంతకం చేసిన బొమ్మ
ఖాకీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడింది.

"ఆ పుస్తకం ఉందా బాబూ? తేదీ కావాలి నాకు."
"మిల్లు మూసిన్నాడు గేటుగదిలోనే ఉండిపోనాది.
మరి సెదలు."
చెదలు తిన్న పుటను ఉదహరించడానికి
మా ఫారంలో గడి లేదు.

క్లెయిమ్ నాలుగు చదివాను:
*ముప్పది దినములు పలుకని యంత్రమును
జాబితా నుండి తొలగించును.*
"ముప్పయ్యా!" అన్నాడు,
"మాకు మూడే."
కుర్రాళ్లలో ఒకడు నవ్వబోయి
ఎందుకో ఆగిపోయాడు.

అప్పుడొచ్చింది కరెంటు.
ఫ్యాను దగ్గింది. ట్యూబులైటు రెండుసార్లు ఆలోచించింది.
మూల ప్రింటరు లోపల ఏదో సర్దుకున్న చప్పుడు,
నారింజ రంగు చుక్క పచ్చగా మారింది,
లాప్‌టాప్ మీద దాని పేరు
ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చుంది.

క్లెయిమ్ ఏడు అప్పటికి నా వేలి కిందే ఉంది.
పైకే చదివాను:
*ఆగిపోయిన యంత్రము, ఆగిన కారణమేదైనను,
తిరిగి వెలిగిన క్షణమున
ఎవరినీ అభ్యర్థించనక్కర లేకయే
తన పాత పేరుతో, పాత వరుసలో
తన చోటు పొందును.*

అసిర్నాయుడు కాగితాల దొంతర తీసి
బల్లకేసి నాలుగు వైపులా తట్టేడు.
అంచులు కలిసిపోయాక కూడా
ఇంకా తడుతూనే ఉన్నాడు.
"అది మాత్రం
మా కాడ నేదమ్మా."

నలభై రెండు పేజీలు, ఎనభై నాలుగు రూపాయలు.
ఐదొందల నోటుకు చిల్లర లేదన్నాడు.
"పరవానేదు, రేపియ్యి" అని
సొరుగులోంచి పాత డైరీ తీసి
నా పేరడిగాడు, మా నాన్న పేరడిగాడు,
ఏం పనొచ్చో మాత్రం అడగలేదు.

సోమవారం నివేదిక పంపించాను.
ఒకటి నుంచి ఆరు దాకా ఆక్షేపణ,
సాక్ష్యం, చెదలు పట్టని ఓ జపాను పత్రం.
క్లెయిమ్ ఏడు ఎదురుగా ఇలా రాశాను:
నవ్యత కలదు.
వెదికిన మేరకు, ఇటువంటిది
పూర్వము ఎచ్చటను లేదు.