ఒకటి మిగిలింది

బైరెడ్డిపల్లె బస్సు దిగి
టమాటా బాక్సుల సందులో నడిచి
బడికి పోయేసరికి
కిటికీలకు గోనెపట్టాలు కట్టేసినారు.
"ఇప్పుడు కాదు ఫ్యాను మామా, సినిమా!"
నా తిరుగు బస్సు నాలుగింటికి.
"మీరు కింద చూడండి, నేను పైన చూసుకుంటా"
అని నిచ్చెన వేసినా.

పచ్చ దుప్పటి తెర.
బల్ల మీద కుర్చీ, కుర్చీ మీద ప్రొజెక్టరు,
దాన్ని పడకుండా పట్టుకుని కుముదిని టీచరు.
నా నోట్లో మూడు స్క్రూలు,
చేతిలో ఫ్యాను గుండె.

బొమ్మల సినిమా. మాటల్లేవు.
గడియారాలు బాగుచేసే ముసలాయన
అంతా బిగించి, మూత వేసి, చేతులు దులుపుకున్నాడు.
బల్ల మీద ఒక స్క్రూ మిగిలింది.
కాళ్లు లేవు దానికి, దొర్లుతుంది.
తల మీద ఒకటే గీత,
అదే నోరు, అదే నుదుటి రాత.

గడియారాన్ని తట్టింది,
నేను లేకుండా ఎట్ల తిరుగుతా ఉండావని.
గడియారం తిరుగుతానే ఉంది.
కుట్టుమిషను కాడికి పోయింది, రైలింజను కాడికి పోయింది.
ఒకచోట లావు, ఒకచోట పొట్టి.
ఎవరో పిల్లోడి కళ్లజోడు కాడ మాత్రం
సరిపోతుందేమోనని
కింద ముప్పైమందీ ఊపిరి బిగబట్టినారు.
నేనూ. బిగించేది నా పనే కదా.
సరిపోలేదు.

నాకు నవ్వు రావాల.
ఇరవై రెండేళ్లుగా ఏ మిషను విప్పి బిగించినా
ఒకటి మిగులుతుంది నాకు.
పలమనేరు అంగట్లో కాఫీపొడి డబ్బా నిండా అవే.
మిషన్లు మాత్రం తిరుగుతా ఉండాయి.
జోకులు వేసుకున్నానే గానీ
డబ్బాలోంచి ఎవరన్నా అడుగుతా ఉంటారనుకోలేదు.
ఐటీఐ అయినాక
ఫ్యాక్టరీ గేటు కాడ పదకొండు నెలలు నిలబడినప్పుడు
నేనూ ఎవర్నీ అడగలేదు.
నోట్లో మూడింటినీ నాలికతో లెక్కబెట్టుకున్నా.

అప్పుడు కాలు మార్చినా.
నా నీడ తెర మీద పడింది,
స్క్రూడ్రైవరు గడపారంత.
ఆ స్క్రూ నా నీడలోంచే దొర్లుకుంటా పోయింది.
"మామా, పట్టుకో! పట్టుకో!"
నోటినిండా ఇనుము. ఏం చెప్పేది?

చివర్లో వాన.
రాతి మీద స్క్రూ. తల గీతలో
ఒక్క చుక్క నీళ్లు నిలిచినాయి.
చీమ వచ్చి తాగి పోయింది.
అది పోయిన దిక్కే చూస్తా ఉండింది స్క్రూ.
దుప్పటి మళ్లా వట్టి పచ్చ.

"తర్వాత?"
టీచరు అదీ ఇదీ నొక్కి చూసింది. ఇంగ లేదు.
"చీమ మళ్లా వస్తాదా?" హుసేను అడిగినాడు.
"తుప్పు పడతాది" అంది మునీశ్వరి,
మంచినీళ్లు తాగినంత మామూలుగా.
పైఆఫీసుకు రాసి పంపాలంట.
టీచరు బోర్డు మీద నీతి అని రాసి
రెండు చుక్కలు పెట్టి
సుద్దముక్క పట్టుకుని నిలబడింది,
గంట కొట్టేదాకా.

ఫ్యాను బిగించి దిగినా.
జేబులో ఒకటి మిగిలింది.
స్విచ్చి వేస్తే ఫ్యాను తిరిగింది.

పది దినాలకు ఫోను,
ఫ్యాను టక్ టక్ అంటా ఉండాదని.
మళ్లా అదే బస్సు, అదే నిచ్చెన.
రెండో మెట్టు మీదుండగా
మునీశ్వరి వచ్చి నిచ్చెన పట్టుకుంది.
"బాగు చెయ్యొద్దు మామా. అది అడుగుతా ఉండాది."
"ఏమని?"
"ఏమనో. మేము లెక్కలు చేసేటప్పుడు జాస్తిగా అడుగుతాది."

టీచరును చూసినా. టీచరు బోర్డును చూసింది.
నీతి, రెండు చుక్కలు. ఇంకా చెరపలేదు.
పక్కన ఎవరో చీమను గీసినారు,
తొమ్మిది కాళ్లతో.

ఎక్కి రెక్కలు ఊపి చూసినా. ఊడేది కాదు.
దిగేసినా.
కూలి వద్దంటే బస్సు చార్జీ ఇచ్చింది.

కిటికీ పక్కన కూర్చుని
జేబులోది తీసి అరచేతిలో పెట్టుకున్నా.
కండక్టరు "చిల్లరా?" అని చెయ్యి చాపినాడు.
"కాదు" అన్నా.
మరి ఏందని అడగలేదు.
అడిగుంటే బాగుండు.