తరుగు

రాత్రి పదకొండుకి మండీ షట్టరు తట్టినారు.
తెల్లారితే బెల్లం బండ్లొస్తాయని
అప్పుడే కాటాలు తుడిచి నడుం వాల్చినా.
ఎస్సై, ఇద్దరు పోలీసోళ్లు, నిద్రమొహం వీఆర్వో,
వాళ్ల నడాన గుండీలు తెగిన చొక్కాతో ఒక పిలగాడు.
"స్టేషన్లో కాటా చెడింది చెంగల్రాయుడూ,
నీది సీలుండేది గదా.
ఒక తూకం ఏసి సంతకం పెట్టు."

ముప్పై రెండేండ్లుగా చిత్తూరు మండీలో తూకం నా పని.
నల్లబెల్లం, అచ్చుబెల్లం, చింతపండు.
ఎండుమిరప ఘాటుకి తుమ్ముతానే
అంకె తప్పకుండా పలికినోణ్ణి.
చేత్తో ఎత్తితే చాలు, కాటా నాకు సాక్షి మాత్రమే.
ఇది మాత్రం నేను ఎత్తలేదు.
ఖాకీ టేపు చుట్టిన పొట్లం.
ఎండుగడ్డి వాసన, తడిగోనె వాసన,
వాటి అడుగున ఇంకేదో మాగిన వాసన.

కాగితాలు సర్దేలోపల జమాలు పోలీసు
ధర చెప్పినాడు, వేలంపాట మాదిరి.
ఆడెక్కడో తూరుపు కొండల్లో కిలో ఇంత,
రైలెక్కితే అంతకంత,
రేణిగుంటలో దిగితే ఇంకో అంత,
ఈడికొచ్చి ఐదైదు గ్రాములుగా చీలితే
చెప్పేదానికి వేళ్లు చాలవు.
చెరకు గానుగ ముందర పొగకి కండ్లు పోగొట్టుకున్న రైతు
ఇట్లాంటి పెరుగుడు ఒక్కసారన్నా చూసినాడా?

ఐదు గ్రాములంటే ఎంతబ్బా అని అడిగినా.
తీర్థం పట్టే అరచేతి గుంటంత, అన్నాడు.
దానికి రెండొందలు.

"ఒకటి కొంటే రెండొందలు," పిలగాడు నేల చూస్తా అన్నాడు,
"పది కొంటే పదిహేనొందలే.
ఎనిమిది అమ్మేస్తే
మిగతా రెండు నాకు ఊరికే."
గజేంద్ర అంట పేరు. పాలిటెక్నిక్కు, రెండో సంవత్సరం.
ఆ ఊరికేకి ఏమేం పోయిందో వాడు చెప్పలా,
జమాలే చెప్పినాడు.
మొదట ఫోను, తర్వాత పరీక్ష ఫీజు,
ఆనక వాళ్లమ్మ చెవుల కమ్మలు.
పొదుపు సంఘం మీటింగుకి ఆమె
చెవుల్లో వేపపుల్లలు పెట్టుకొని పోయిందంట.

పొట్లం పెట్టినా.
వెయ్యిన్ని నలభై.

"కిలో దాటింది," ఎస్సై పెన్ను మూత తీసినాడు.
దాటితే సెక్షను మారుతుందంట,
జామీను కూడా మారుతుందంట.
అప్పుడు నా నోట్లోంచి
నా నోరు ఎరగని మాట వచ్చింది.
"సార్, తరుగు తియ్యాల."

తరుగు!
బస్తాకి రెండు కిలోలు కోసిన చెయ్యి నాది.
గోనె బరువని, తేమని,
ఏమీ లేకపోతే మామూలని.
రైతు నోరు తెరిస్తే
సావుకారి మొహం వైపు చూసినోణ్ణి.
అన్నేండ్ల తరుగులో ఒక్క గ్రామూ
అమ్మేవాడికి అచ్చిరాలేదు.

ఎవురూ మాట్లాడలా.
వీఆర్వో దగ్గినాడు.
జమాలు బ్లేడుతో టేపు కోసినాడు.
ప్లాస్టిక్కు, దాని లోపల ప్లాస్టిక్కు,
ఇంకా లోపల చెమ్మెక్కిన పాత పేపరు.
అన్నీ తీసి ఒట్టి సరుకు తూస్తే
తొమ్మిదొందల ఎనభై ఐదు.

ఎస్సై నన్ను శానాసేపు చూసి
ఆ అంకే రాసినాడు.
నేను చేసింది మంచో చెడో నాకు తెల్దు.
కిలోకి కొరత పదిహేను గ్రాములు.
అంటే మూడు పొట్లాలు.
అవి ఈపాటికి ఏ మూడిండ్లలో
ఏ కమ్మల్ని కరగబెట్టినాయో
ఏ కాటాకి తెలుస్తుంది?

సంతకం పెట్టి తలెత్తితే
కూచునేదానికి చోటు లేక
గజేంద్ర బస్తాలు తూచే పెద్ద కాటా మీద
మోకాళ్లు ముడుచుకొని కూచోనుండాడు.
దాని స్విచ్చి ఆపడం మరిచిపోయినట్టుండా.
వాడి వీపు వెనకాల
ఎర్రంకెలు వెలుగుతా ఉండాయి.

నలభై మూడు కిలోల ఆరొందలు.

పంచనామాలో దానికి గడి లేదు.
ఎవురూ అడగలేదు, నేనూ పలకలేదు.
వాడు లేసినాక
అంకె సున్నాకి రావడానికి
ఎప్పటికన్నా కొంచెం ఎక్కువసేపే పట్టింది.