తెల్లమన్ను

మేం తెల్లమన్ను అంటాం దీన్ని.
జల్లెడ పట్టి, గోతాలకెత్తి
గిన్నెలు తోమే పొడికని లారీలకు పోస్తుంటిమి.
గోతానికింత అని కూలి.
పొద్దు గూకేసరికి కనురెప్పలు కూడా నెరుస్తుండె.

తవ్వకాలకొచ్చిన పిలగాడు
చిటికెడు తీసి భూతద్దం కింద పెట్టి చెప్పినాడు:
ఇది మన్ను కాదమ్మా, బూడిద.
డెబ్బై నాలుగు వేల ఏండ్ల కింద
సముద్రానికవతల సుమత్రాలో కొండ పగిలి
గాలి మీద జ్వాలాపురం దాకా వచ్చింది.
గంధకం ఇంకా పైకెక్కి, పొరై నిలబడి
ఎండను వచ్చిన దోవనే తిప్పి పంపింది.
భూమి చల్లబడింది.

దస్తగిరమ్మ జల్లెడ ఆపింది.
"ఎన్ని పైర్లు పోయినాయి నాయనా?"
అప్పటికి పైర్లే లేవన్నాడు.
"వాన?"
తగ్గే ఉంటుందన్నాడు. ఎంతో, ఎన్నేండ్లో
చదువుకున్నోళ్లకే ఇంకా తగువు తెగలేదంట.

ఎండను తిట్టుకునే సీమ మాది.
మే నెలలో మిద్దె మీద కాలు మోపలేక
నీ మొగం మాడ అని
సూర్యుణ్ణి నేను అనని రోజు లేదు.
ఆ పొద్దు మాత్రం తలెత్తి చూసినా,
ఉన్నాడా అని.

గుంత గోడలో బూడిద, మనిషెత్తు.
దాని కింద చెక్కిన రాళ్లు.
దాని పైన కూడా చెక్కిన రాళ్లే,
అదే చేతివాటం అన్నాడు.

"అంటే బతికినారు" అంది దస్తగిరమ్మ.
"ఏం తిన్నారో."

ఆ మాట అతను రాసుకోలేదు.
లారీ హారన్ కొట్టింది.

అడుగంటిన కొర్రన్నం గిన్నెను
ఆ రాత్రి దాంతోనే తోమినా,
చాలాసేపు.