బే అయిదు

కుతాయిసిలో మందుల షాపు గోడకి
రెండు నిలువుల చదరంగం బల్ల వేలాడదీశారు.
కొక్కెం ఉన్న పొడుగు కర్ర నా చేతికిచ్చారు.
నాకు పద్నాలుగేళ్లు. ఆ సాయంత్రం
ఆ అరవై నాలుగు గళ్ల మీద నేనే గాలిని.

ఆట ఇక్కడ కాదు, త్బిలిసిలో,
దగ్గినా తప్పే అయిన హాల్లో.
మాకు చేరేది బావిలోంచి వచ్చినట్టున్న టెలిఫోను గొంతే.
గుగూట్సా రిసీవరు చెవికి అదుముకుని
విన్న ఎత్తుని కిటికీలోంచి అరిచేది,
నేను కర్ర లేపేవాణ్ణి,
కర్ర కొసతో పాటు మూడొందల తలలు తిరిగేవి.

తెల్లపావులు మా అమ్మాయివి.
మా అమ్మాయంటే ఎవరికీ చుట్టం కాదు,
పట్టుమిల్లు వెనక సందులో పుట్టింది, అంతే.

సన్నగా వాన. ఎవరూ కదల్లేదు.
రొట్టెల ఎలిజ్బార్ మోచేతుల దాకా పిండితోనే వచ్చి
ఎవరిదో వోల్గా కారు బానెట్ మీద పోటీ ఆట పరిచాడు:
అక్రోటు కాయలు బంట్లు,
అగ్గిపెట్టె ఏనుగు, కమలాపండు రాజు.
"ఇలా కొడితే అలా తీస్తుంది."
"తియ్యనీ. తీశాక దాని గతి చూడు."
శరీరశాస్త్రం మేష్టారు ప్రతి ఎత్తుకీ
పోయింది, ఆట పోయింది అనేవాడు,
నాడి దొరకని డాక్టరులా.
మిల్లులో దారాలు తీసే ట్సియాలా మాత్రం
ఏమీ అనకుండా అగ్గిపెట్టెని ఒక్క గడి జరిపేది.
అరుస్తున్నవాళ్లు నోళ్లు తెరిచే ఆగిపోయేవాళ్లు.

ఇరవై మూడో ఎత్తు.
"గుర్రం, బే అయిదు!"
తెల్ల గుర్రాన్ని కొక్కేనికి తగిలించి
ఎడమ పక్కకి, ఓరగా దించాను.
నడిమి గడి రమ్మని పిలుస్తుంటే
పెరటిదారిన ఎందుకు పోయినట్టు?

నల్లామె ఆలోచిస్తోందట. నలభై నిమిషాలు.
ఆ నలభై నిమిషాలూ మేం ఆ గుర్రం కడుపులో దూరాం.
మొదట తిట్టారు. తర్వాత గొణిగారు.
తర్వాత ఎలిజ్బార్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.
ఎత్తుకి పై ఎత్తు, దాని మీద ఇంకోటి,
చివర్న ట్సియాలా, ఆ రోజుకి మొదటిసారిగా:
"మంత్రిని ఇచ్చెయ్యాలి."
ఇచ్చేస్తే
కమలాపండు నడివీధిలో ఒంటరిగా నిలబడింది,
దాని మీదికి మా అక్రోటు ఒకటి నడుచుకుంటూ పోయింది.
మేష్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.
వాన వల్ల అన్నాడు.

అప్పుడు కిటికీ.
"కాదు కాదు, డే! డే అయిదు!
లైను బాగాలేదు, నేనే తప్పు విన్నాను!
గెలిచాం! నల్లామె చెయ్యి చాచేసింది!"

టోపీలు ఎగరాలి కదా. ఎగిరాయి,
కొన్ని, ఆలస్యంగా.
నేను గుర్రాన్ని మళ్లీ తగిలించి
రెండు గళ్లు కుడికి జరిపాను.
అంత బరువు ఆ కర్ర మీద ఎప్పుడూ లేదు.
నడిమి గడిలో అది సరిగ్గా సరిపోయింది,
ఏ పిల్లాడైనా అక్కడే పెట్టేవాడు.
"మరి మనది?" అన్నాడు ఎలిజ్బార్, బానెట్ వైపు చూసి.
కారువాడు వచ్చి, ఇంటికి పోవాలి, తియ్యండి అన్నాడు.

వసంతంలో మా అమ్మాయి వచ్చింది.
పూలు, బ్యాండు, మేయరు ఉపన్యాసం.
అన్నీ అయ్యాక రొట్టెల కొట్లోకి లాక్కొచ్చి
పిండి చల్లిన బల్ల మీద అదే పరిచాం: బే అయిదు.
ఆమె నిలబడే చూసింది. తర్వాత కూర్చుంది.
పొయ్యిలో రొట్టెలు మాడిన వాసన వచ్చినా
ఎలిజ్బార్ లేవలేదు.
"ఎంత బావుంది," అంది ఆమె.
తర్వాత, వేలితో, చాలా మెల్లిగా,
నల్ల బంటు ఒకదాన్ని ఒక్క గడి ముందుకు తోసింది.
అంతా కూలిపోయింది.

ఎవరం మాట్లాడలేదు.
బయట వీధిలో ట్సియాలాని అడిగాను,
అంతమందిలో నీకు కూడా తట్టలేదా అని.
తలగుడ్డ ముడి బిగించుకుంటూ చెప్పింది:
"ఆ వానలోనే కనబడింది.
మీరందరూ అంత సంతోషంగా ఉన్నారని
బంటు మీద చెయ్యి పెట్టి ఉంచాను."